కాపరి తిన్న ఆకలి

కడుపులో మంటను గుంటూరు మిర్చి గోదాముల్లో ఎవరూ జబ్బనరు. కూలితో పాటు అదీ ఇంటికొస్తుంది, అంతే. పొద్దున్నే ఖాళీ కడుపున ఒక టీ. మధ్యాహ్నం నడుము పట్టేస్తే ఇంకో టీ, దాంతో మేస్త్రీ జేబులోంచి తీసిచ్చే నొప్పి బిళ్ళ. మరి అన్నం? అన్నం తినాలంటే చేతులు కడగాలి. మిరపకాయల ముచ్చికలు తీసిన చేతుల మంట నీళ్ళకు పోదు, సబ్బుకు పోదు, చింతపండు పెట్టి రుద్దినా మర్నాటిదాకా వదలదు. ఆ చేత్తో ముద్ద పెట్టుకుంటే పెదాలు రేగుతాయి. అందుకని అన్నాన్ని సాయంత్రానికి వాయిదా వేస్తారు. బిళ్ళను మాత్రం ఎవరూ వాయిదా వెయ్యరు. ఏళ్ళ తరబడి ఇలా చేస్తే కడుపు లోపలి పొర ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

సువార్తమ్మ ఆ పని పెళ్ళికి ముందు మొదలుపెట్టి, మొగుడు పోయినా మానలేదు. ఆ కూలితోనే ఒక్కగానొక్క కూతురు ఎస్తేరును చదివించింది. ఎస్తేరు సూక్ష్మజీవుల శాస్త్రంలో డాక్టరేటు తీసుకుని, హైవే పక్కన అద్దాల మేడలో ఉన్న మందుల కంపెనీలో శాస్త్రవేత్తగా చేరింది. ఏ జబ్బు మీద పని చేస్తావని అడిగితే రెండో ఆలోచన లేకుండా చెప్పింది. రోజూ పొట్ట పట్టుకుని గోడకు చేరగిలబడే అమ్మను చూస్తూ పెరిగిన పిల్ల ఇంకేం చెబుతుంది?

ఒకరోజు తల్లి నోట్లోంచి సన్నటి గొట్టం దించి, కెమెరాతో లోపలికి చూశారు. ఎస్తేరు తెర ముందు నిలబడింది. కొన్నిచోట్ల పుండుగడ్డలా ఎర్రగా ఉంది పొర. కొన్నిచోట్ల పాలిపోయి, పలచబడి, కింద రక్తనాళాలు కనబడుతున్నాయి. నానబెట్టిన ఉల్లిపొరలాగా ఉంది. ముట్టుకుంటే చిరిగేట్టుంది.

గొట్టం తీసేశాక సువార్తమ్మ మూతి తుడుచుకుని, "ఎట్టా ఉందే?" అంది.

"బాగాలేదమ్మా. నీ కడుపులో పురుగుంది. చిన్నప్పుడే చేరింది. అది ఒక పక్క కొరుకుతుంటే నువ్వు బిళ్ళలు మింగి ఇంకో పక్క కాల్చుకున్నావు. రెండువారాల మందులు మూడుసార్లు రాయించాను గదా, ఒక్కసారైనా మొత్తం వాడావా?"

"తగ్గిందిగా! తగ్గినాక కూడా మందులేంది, దెయ్యం పట్టినట్టు? మిగిలినయ్యి మీరాబీకిచ్చా. దానిది మాత్రం కడుపు కాదా?"

ఎస్తేరుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సగం మందు తిన్న పురుగు చావదు, రాటుదేలుతుంది. తల్లీ, మీరాబీ, గోదాములో ఇంకో ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళూ మిగిలిన మాత్రలు పంచుకుని, పురుగులన్నిటినీ మొండివి చేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు బజార్లో దొరికే ఏ మందూ వాటిని కదిలించదు.

అక్కడే ఆమెకు ఆలోచన వచ్చింది. కడుపులో ఉడికే ఆమ్లంలో బతకడం ఈ భూమ్మీద బాగా తెలిసింది ఈ పురుగుకే. మరి దాన్ని చంపడం ఎందుకు? దొంగనే కాపలా పెడితే సరి.

తల్లి కడుపులోంచే పురుగును తీసింది. దాని విషాన్ని కత్తిరించి పారేసింది. పొరను మాన్పే జిగురును ఊరించడం, ఆమ్లాన్ని అణచడం దానికి నేర్పించింది. చెప్పడానికి మూడు మాటలు. చెయ్యడానికి ఎస్తేరు పెళ్ళి, కడుపుతో ఉన్న నెలలు, భర్త యోనాతో గడపాల్సిన ఆదివారాలు అన్నీ ఆ గాజు గిన్నెల్లో కరిగిపోయాయి. యోనా గూడ్సు రైలు గార్డు. అతనూ ఇంట్లో ఉండేది తక్కువే కాబట్టి కాపురం నడిచింది.

పాత పురుగును వెళ్ళగొట్టి దాని చోట్లో కూర్చునే ఈ కొత్తదానికి సువార్తమ్మే పేరు పెట్టింది. గ్లాసెడు మజ్జిగలో కలిపి ఇస్తే గటగటా తాగి, గ్లాసు బోర్లించి, "మంచి కాపరిని పెట్టావే నా కడుపుకి" అంది.

కాపరి పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, ఆ నెలాఖరుకి సువార్తమ్మ ఆవకాయ అన్నం తిని, ఎండుమిరపకాయ నంజుకుని, కూతురి మొహంలోకి చూసి కన్నుకొట్టింది. కంపెనీ పెద్ద డాక్టర్ పరాంకుశం స్వయంగా తెర ముందుకు వచ్చి ఆ పొరను చూశాడు. ఎరుపు పోయింది. పలచన చోట్ల తేనె పూసినట్టు కొత్త జిగురు మెరుస్తోంది. ఆయన కూడా కడుపు మంట మనిషే. జేబులో ఎప్పుడూ తెల్లమందు సీసా ఉంటుంది. చేతులు జోడించి నిలబడ్డాడు కాసేపు.

తరువాత గోదాముల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద ప్రయోగం. కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చే తల్లులూ వద్దన్నారు. కనే వయసు దాటిన వాళ్ళనే ఎంచుకున్నారు, జాగ్రత్త కోసం. కన్నవాళ్ళు పనికి పోతే ఆ పిల్లల్ని పెంచేది ఈ కనే వయసు దాటినవాళ్ళేనని అద్దాల మేడలో ఎవరికి తెలుసు? ఒక్క ఎస్తేరుకు తెలుసు. ఆమె ఆ సంగతే తలుచుకోలేదు.

సువార్తమ్మ వీధంతా కాపరిని తాగింది. మీరాబీ తాగింది. గోడలకు చేరగిలబడే ఆడవాళ్ళు నిటారుగా లేచి నిలబడ్డారు.

"ఇంకేమైనా తేడాగా ఉందా?" అని ఎస్తేరు అందర్నీ అడిగింది.

"ఏం లేదమ్మాయ్. ఆకలి మాత్రం పెద్దగా వెయ్యట్లా" అంది మీరాబీ. "టైమయింది గదా అని తింటన్నాం. పీడ పోయింది."

ఎస్తేరు ఆ మాట పరాంకుశానికి చెప్పింది. ఆకలి పుట్టించే రసం కడుపు పొరలోనే ఊరుతుంది, కాపరి దాన్ని కూడా అణుస్తోందేమో ఒకసారి చూద్దామంది. ఆయన తల ఊపాడు. "చూద్దాం. అయినా ఆ వయసు ఆడవాళ్ళకి ఆకలి తగ్గితే కొంప మునిగిందా? టైముకి తింటున్నారుగా."

మేస్త్రీ నాంచారయ్య అయితే పండగ చేసుకున్నాడు. మధ్యాహ్నం ఎవరూ లేవడం లేదు. అన్నం గిన్నె ఊసు లేదు. నొప్పి లేదు, ఆకలీ లేదు, వంచిన తల వంచినట్టే ఉంది. ఆ జబ్బుకు అసలు మందు ఏమిటో ఎస్తేరుకు తెలియక కాదు. పనిలో ఒక గంట అన్నానికి ఇవ్వడం, చేతులకు తొడుగులివ్వడం, మంచినీళ్ళివ్వడం, ఆ దిక్కుమాలిన బిళ్ళ మాన్పించడం, పురుగుకు మందు పూర్తిగా వాడించడం. ఇంత చిన్న మందు రాసే ధైర్యం ఏ డాక్టరుకూ లేదు, ఏ కంపెనీకీ అందులో లాభం లేదు. అందుకని నొప్పిని తీసేసి పనిని మాత్రం అట్లాగే వదిలేశారు.

ఎస్తేరుకు ఆడపిల్ల పుట్టింది. దీవెన అని పేరు పెట్టారు. పుట్టిన మొదటి నెలల్లో వీధి చివరికి వినబడేట్టు ఏడ్చేది పాలకోసం. "నాయనమ్మ పోలిక, గయ్యాళిది" అని సువార్తమ్మ మురిసిపోయేది. యోనా "మా అమ్మనెందుకు లాగుతావత్తా మధ్యలో?" అనేవాడు. పాప కూర్చోవడం నేర్చాక, అన్నం ముట్టించాక, ఎస్తేరు మళ్ళీ పనిలో చేరింది. పాప అమ్మమ్మ దగ్గర.

కడుపు నొప్పి పోయిన సువార్తమ్మ ఊరికే కూర్చునే రకం కాదు. నాంచారయ్య ఇంటికే బస్తాలు పంపించాడు. గుమ్మంలో పాత చీర పరిచి, మిరపకాయలు పోసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దీవెనను ఉయ్యాల్లో పడుకోబెట్టి ముచ్చికలు తీసేది.

"ఎందుకమ్మా ఇంకా ఈ పని? నా జీతం చాలదా?"

"కాళ్ళూ చేతులూ ఆడతన్నప్పుడు కూకోమంటే ఎట్టాగే? నువ్వు బాగు చేసింది కూకోబెట్టడానికా?"

"సరే, పాపకి మాత్రం చెంచాతోనే పెట్టు."

"ఆఁ, చెంచాతోనే. వెండి చెంచా కొనుక్కురా మీ మహారాణికి."

అంతటితో ఆ మాట అయిపోయింది.

కొన్నాళ్ళకు దీవెన ఏడవడం మానేసింది.

అదేం బుద్ధి, అదేం ఓర్పు అని చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఉయ్యాల్లో పడుకుని కాళ్ళు ఆడిస్తూ, గాలికి కదిలే గుడ్డ చిలకను చూస్తూ ఎంతసేపైనా ఉండేది. పెడితే తినేది. ఎస్తేరు వచ్చి రొమ్ము నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి వదిలేసి నవ్వేది. పెట్టకపోతే అడిగేది కాదు.

యోనా ఒక పొద్దున డ్యూటీ దిగి వచ్చి పాపకు స్నానం చేయిస్తూ, "మొలతాడు జారిపోతోందేంటి?" అన్నాడు.

సువార్తమ్మ తువ్వాలు పట్టుకుని నవ్వింది. "పాకే పిల్లలు అట్టాగే చిక్కుతారయ్యా. ఇట్టా ఇవ్వు, ఇంకో ముడేస్తా."

ఆ ముడి మీద ఇంకో ముడి పడింది. పిల్లల డాక్టరు రక్తం పట్టడానికి ఏదో మందు రాశాడు. ఎస్తేరు అద్దాల మేడలో రెండో విడత ప్రయోగానికి సంతకాలు చేస్తోంది. మిగతా జిల్లాల గోదాముల వాళ్ళు కాపరి కోసం వరసకట్టారు.

ఒక మధ్యాహ్నం మీరాబీ వచ్చి గుమ్మంలో కూలబడింది. ఎస్తేరు ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది.

"ఏందే ఎస్తేరూ, మన వీధిలో పసోళ్ళు ఏడవడం మానేశారు, చూశావా? మా మనవడు కిక్కురుమనడు. చివరింటి సుభాషిణి కూతురు, వాళ్ళత్త దగ్గర పెరిగేదే, నిద్దట్లోనే పోయింది పోయిన వారం. ఏడుపు కూడా ఏడవలేదంట. పాపం, దేవుడు బంగారు తల్లులనే తీసకపోతాడు."

ఎస్తేరు చెయ్యి ఆగిపోయింది. ఆమె చేతిలో పరీక్ష కాగితాలున్నాయి. కాపరి ఉన్న కడుపులోంచి వచ్చే ఊపిరి తగిలితే అవి నీలంగా మారతాయి. తల్లికి నెలకోసారి చేసే పరీక్ష కోసం అప్పుడే సంచిలోంచి తీసింది. ఆమె వీధి వైపు చూసింది. మిట్టమధ్యాహ్నం. అన్ని ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు. ఒక్క కేక లేదు.

ఒళ్ళో ఉన్న దీవెన చెయ్యి చాపి ఒక కాగితం లాక్కుని నోట్లో పెట్టుకుంది. పసిపిల్లలు ఏం దొరికినా అదే చేస్తారు గదా. ఎస్తేరు గబుక్కున లాగింది.

కాగితం నీలంగా ఉంది.

ఇంకో కాగితం తీసి పాప మూతి దగ్గర పెట్టింది. నీలం. పెట్టెలోవే పాడయ్యాయేమోనని తను ఊదింది. తెల్లగానే ఉంది.

"అమ్మా." ఆమె తల్లి వైపు తిరిగింది. "పాపకి చెంచాతోనే పెడుతున్నావా?"

సువార్తమ్మ ముచ్చిక తుంచుతూ తలెత్తలేదు. "పెట్టా. రెండ్రోజులు పెట్టా. ఉమ్మేస్తంది. ఇనుముతో పెడితే ఏ పిల్ల తింటదే? చేత్తో పెడితే మూతి మండి గోల పెట్టింది."

"మరి?"

"మరేముంది? నిన్నెట్టా పెంచానో అట్టాగే. మెత్తగా నమిలి నా నోటితోనే అందిస్తన్నా. మిరప చేతులోళ్ళం, మా పిల్లల్ని మేమంతా అట్టాగేగా పెంచింది. నువ్వు పెరగలా? డాక్టరువి కాలా?"

మీరాబీ నవ్వింది. "నేనూ అంతే. పిట్టలు పెట్టినట్టు."

ఎస్తేరు నవ్వలేదు. ఈ పురుగు పసిప్రాయంలో పెద్దల నోటి నుంచే పిల్లలకు చేరుతుందని ఆమె సభల్లో ఎన్నిసార్లు చెప్పిందో. తన కడుపులోకీ అట్లాగే వచ్చింది, మందులు వాడి పోగొట్టుకుంది. ప్రయోగానికి ముందు ఆడవాళ్ళను ఏమేం అడగాలో పెద్దలందరూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు నమిలి పెట్టే సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చల్లని గదిలో, ఆ ఇంగ్లీషు మొహాల మధ్య, "మేం ఇలా పెరిగాం" అని చెప్పడానికి సిగ్గేసింది. మింగేసింది.

తిరగరాసినా పురుగు పురుగే. పాత దారినే పాకింది.

పెద్దవాళ్ళకు ఆకలి పోతే అలవాటు మిగులుతుంది, పొద్దు చూసుకుని తింటారు. పసిపిల్లకు అలవాటేముంది, పొద్దేముంది? దానికున్నది ఒక్క ఆకలి. అది పోతే అడగడం ఎట్లాగో కూడా దానికి తెలియదు. అమ్మమ్మకైనా తెలుస్తుందా అంటే, ఆమె కడుపూ మూగదైపోయింది. మామూలుగా అయితే తనకు ఆకలేసినప్పుడన్నా "అయ్యో, పిల్ల తినలేదే" అనుకునేది. ఇద్దరూ ఆకలి లేకుండా గుమ్మంలో ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ రోజులు గడిపారు.

పాపను ఎత్తుకుని ఎస్తేరు చెప్పులు కూడా వేసుకోకుండా అద్దాల మేడకు పరుగెత్తింది.

పరాంకుశం తన గది తలుపు మూశాడు. కాపరిని చంపే మందు ముందే తయారు చేసి ఉంచారు. దాన్ని పిల్లల మోతాదుకు తగ్గించి ఇవ్వడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించాడు.

"మీ పాపకి ఏ ఆసుపత్రి కావాలంటే అక్కడ చూపిద్దాం. ఈ మాట మాత్రం ఈ గది దాటకూడదు."

"వీధిలో ఇంకా పిల్లలున్నారు సార్. ఒకరు చనిపోయారు."

"ఆ పాప దేనివల్ల పోయిందో మనకి తెలుసా? చూడమ్మా ఎస్తేరూ, తప్పు మందుది కాదు. ఎంగిలి ముద్ద పెట్టే అలవాటుది. మీ వాళ్ళు..." ఆయన ఆగాడు. ఆగినా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. "రేపు ఇది ఎంతమంది నొప్పి తీరుస్తుందో ఆలోచించు. ఆకలి తగ్గుతుందనే గదా, ఫ్యాక్టరీల వాళ్ళు కూడా అడుగుతున్నారు."

"ఎందుకు అడగరు సార్? నొప్పి లేదు, ఆకలి లేదు. ఇక వీళ్ళు దేనికోసం నోరు తెరుస్తారు?"

ఆయన తెల్లమందు సీసా తీసి రెండు గుక్కలు తాగాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు సులువయ్యేది.

ఎస్తేరు పాపను, కబురందుకుని వచ్చిన యోనా చేతుల్లో పెట్టి ఆసుపత్రికి పంపించి, తను పరీక్ష కాగితాల పెట్టె చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. తలుపు తలుపూ కొట్టింది. ఒక్కో పసిమూతి దగ్గరా కాగితం పెట్టింది. మీరాబీ మనవడిది నీలం. ఎదురింటి కవలలది నీలం. సుభాషిణి ఇంట్లో ఉయ్యాల విప్పేసి ఉంది, ఎవరినీ అడగడానికి ఏమీ లేదు. ఎస్తేరు అక్కడే నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది, దాచకుండా, తన పేరుతో సహా. సుభాషిణి వినింది. లేచి, ఎస్తేరు జుట్టు పట్టుకుని చెంప పగలగొట్టింది. ఎస్తేరు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మర్నాడు ఆమె పత్రికల వాళ్ళ ముందు కూర్చుంది. కాపరి ఆగిపోయింది. ఉద్యోగం పోయింది. అందరికీ కాపరిని చంపే మందు పంచారు. నొప్పి తిరిగొచ్చిన ఆడవాళ్ళు కొందరు ఆమెను వీధిలో నిలబెట్టి అడిగారు, "మా మంట మాకు తెచ్చిచ్చావా తల్లీ, పుణ్యం కట్టుకున్నావు" అని.

ఆసుపత్రిలో దీవెన ముక్కులోంచి గొట్టంతో పాలు పోస్తున్నారు. కాగితం తెల్లబడింది. కాపరి చచ్చింది. ఇక ఏడవాలి. పాల టైము దాటించి చూడమన్నారు డాక్టర్లు. సువార్తమ్మ, ఎస్తేరు, యోనా మంచం చుట్టూ నిలబడి పాప నోటివైపు చూశారు. ఆ ముగ్గురూ అంత ఆశగా ఒక ఏడుపు కోసం ఎదురుచూడడం చూసి నర్సు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

దీవెన అమ్మమ్మ చెవికమ్మ పట్టుకుని ఆడుకుంది. నీరసంతో కళ్ళు మూతలు పడుతున్నా ఆడుకుంది. ఏడవలేదు.

మరో రోజు చూశారు. మరో వారం చూశారు. ఆకలిని పుట్టించే కణాలు మొలకెత్తే కాలంలో కాపరి ఆ చోటంతా పరుచుకుంది. ఇప్పుడది పోయినా నేల బీడుగా మిగిలింది. పాప పెరుగుతుంది, నడుస్తుంది, మాట్లాడుతుంది. ఆకలి మాత్రం ఎప్పటికీ తెలియదు. ఒకరు పెడితేనే తింటుంది, పెట్టేవాళ్ళు మరిచిపోతే మరిచిపోయినట్టే.

ఆసుపత్రి వరండాలో సువార్తమ్మ కూతురి పక్కన కూర్చుంది.

"నా నోటి నుంచేగా పోయింది దానికి?"

"లేదమ్మా. సంక్రమణకి అనేక కారణాలుంటాయి. నీటి ద్వారా కూడా..."

"అబద్ధమాడొద్దు. అబద్ధమాడేటప్పుడే నువ్వు చదువుకున్నోళ్ళ బాస మాట్టాడతావు."

ఎస్తేరు తల్లి భుజం మీద మొహం పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. లోపల పాప ఒక్కతే ఏడవకుండా ఉంది.

కాసేపయ్యాక సువార్తమ్మ ముక్కు చీదుకుని అంది. "నాకింకా ఆ మందియ్యలేదు. నా కాపరిని కూడా చంపు."

ఎస్తేరు ఆ పని కావాలనే ఆపుతూ వచ్చింది. "వద్దమ్మా. నీ నోటి దగ్గరికి పాపను రానివ్వకుండా చూసుకుందాం. నీ లోపల పొర చాలా పలచబడింది, కాపరి జిగురు మీదే నిలబడి ఉంది. అది పోతే మంట వస్తుంది. పాత పురుగు నీ చుట్టూ అందరిలోనూ ఉంది, మళ్ళీ చేరుతుంది. ఈసారి ఆపే మందు నా దగ్గర లేదు. రక్తం పడొచ్చు."

"ఆకలి వస్తదా?"

"ఏంటీ?"

"మంటొస్తది సరే. ఆకలి కూడా వస్తదా, రాదా?"

"...వస్తుంది."

"అది చాలు. నువ్వు ఇంకో పని చూసుకుని పోతావు, అల్లుడు బండెక్కి పోతాడు. ఇంట్లో ఉండేది నేనూ అదీ. దానికా ఆకల్లేదు. నాకూ లేకపోతే ఎప్పుడు పెట్టాలో ఎట్టా తెలుస్తదే?"

"గడియారం పెడదామమ్మా. గంట మోగుతుంది."

"గంటకి కడుపుందా?" అంది సువార్తమ్మ. "దానికి ఆకలి పుట్టాల్సిన కడుపుని నేను తినేశా. నా కడుపుతో తీరుస్తా. మందియ్యి."

ఇచ్చింది ఎస్తేరు. ఇవ్వకుండా ఉండాల్సిందా అని ఆ తరువాత వెయ్యిసార్లు అనుకుంది. తల్లిని ఏ శాస్త్రంతో కాదనాలో ఆమెకు తెలియలేదు.

సువార్తమ్మ మిరపకాయలు ముట్టుకోవడం మానేసింది. బస్తాలు మోసుకొచ్చిన వాడిని చీపురు తిరగేసి తరిమింది. మంట తిరిగొచ్చింది, దాంతో పాటు ఆకలీ వచ్చింది. పొట్టలో పేగు కదిలినప్పుడల్లా "నాకాకలేస్తందే, రాయే పిల్లా" అని కేకేసేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. చెంచాతో దీవెనకు ఒక ముద్ద, తనకొక ముద్ద. పాప ఉమ్మేస్తే కథలు చెప్పేది, తిట్టేది, కోడిలా కూసేది. మింగేదాకా వదిలేది కాదు. దీవెన ఒళ్ళు చేసింది. మొలతాడు మార్చాల్సి వచ్చింది. పరుగులు నేర్చింది. మాటలు నేర్చి, అమ్మమ్మనే వెక్కిరించడం నేర్చింది.

ఎస్తేరు ఒక చిన్న ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేసే పనిలో కుదురుకుంది. మిగతా పొద్దు గోదాముల గేట్ల దగ్గరే. మీరాబీని, సుభాషిణిని, మంట తిరిగొచ్చిన ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని అన్నానికి గంట కావాలి, చేతులకు తొడుగులు కావాలి అని కూర్చుంది. నాంచారయ్య, "అమ్మా, డాక్టరమ్మా, మందులు కనిపెట్టేదానివి, ఈ రోడ్డు మీద గోలేంది?" అన్నాడు. "ఇదే మందయ్యా. ఆలస్యంగా కనిపెట్టాను" అంది. కొన్ని గోదాములు ఇచ్చాయి. కొన్ని ఇవ్వలేదు.

సువార్తమ్మ నొప్పిని దాచింది. రాత్రంతా మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకునేది. తెల్లారాక "ఏం లేదే, గ్యాసు" అనేది. ఒకరోజు మధ్యాహ్నం పాపకు ఆఖరి ముద్ద పెట్టి, చెంచా గిన్నెలో పెట్టి, లేవబోయి కాఫీ పిప్పిలాంటి నల్లటి రక్తం కక్కుకుంది. ఎస్తేరు వచ్చేసరికి మీరాబీ ఒళ్ళో తలపెట్టుకుని ఉంది.

"పిల్ల తినేసింది" అంది సువార్తమ్మ కూతుర్ని చూసి. ఆసుపత్రి దాకా వెళ్ళలేదు.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేశారు. గోదాముల ఆడవాళ్ళంతా వచ్చి తలా గుప్పెడు మన్ను వేశారు. ఇంటికి తిరిగొచ్చాక పొయ్యి వెలిగించలేదు. జనం వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. ఎస్తేరు గోడకు జారగిలబడి ఉంది. నోట్లో మంచినీళ్ళు పోసుకోవాలని కూడా తోచలేదు. యోనా గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయాడు. ఎందుకైనా మంచిదని ఎస్తేరు పెట్టి ఉంచిన గడియారం గంట మోగిందేమో, మోగినా ఆ ఏడుపుల్లో ఎవరు విన్నారు?

సాయంత్రం మీరాబీ కేరియర్‌లో పప్పన్నం పట్టుకొచ్చింది. అటూ ఇటూ చూసి, "పిల్లేదే?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఎస్తేరుకు.

వెనక గదిలో దీవెన అమ్మమ్మ మంచం మీద ముడుచుకుని ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. నుదురు చెమటతో చల్లగా తగిలింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆ పిల్ల ఏమీ తినలేదు. అంతమంది ఉన్నారు ఇంట్లో. అడగలేదు, ఏడవలేదు. అడగాలని దానికి తెలియదు. దాని ఆకలిని పొద్దున మట్టిలో పెట్టి వచ్చారు.

ఎస్తేరు దాన్ని ఒళ్ళోకి లాక్కుని చక్కెర నీళ్ళు పట్టించింది. యోనా కాళ్ళు రుద్దాడు. మెల్లగా కళ్ళు తెరిచింది. మీరాబీ అన్నం మెదిపి ఇస్తే ఎస్తేరు చెంచా అందించింది.

దీవెన ఆ చెంచావైపు చూసింది. తల్లి మొహంలోకి చూసింది. నోరు తెరవలేదు. నీరసంగా, ఎప్పుడూ అడిగే మాటే అన్నట్టు అడిగింది.

"అమ్మమ్మకి ఆకలేసిందా?"

మీరాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. యోనా చేతులు ఆగిపోయాయి.

"ఏసిందమ్మా" అంది ఎస్తేరు. "చాలా ఆకలేసింది. తిను."

పిల్ల నోరు తెరిచింది.